వినడంలో మీకు సాటి లేరు

నార్తర్న్ గేట్‌వే పైప్‌లైన్ మీద కెనడాలో విచారణ జరిపిన సంయుక్త సమీక్షా మండలివారికి నమస్కారం. ఇది మీ మీద స్తుతి. దేవుడితో తగాదా ఉన్న భక్తుడు ముందు ఆయన గుణాలన్నీ ఏకరువు పెట్టి, ఆ గుణాలతోనే ఆయన్ని నిలదీయడం మా తెలుగువాళ్లకు అలవాటు. నేనూ ఆ దారినే వస్తున్నాను. మీ గురించి చెప్పబోయే మంచిలో ఒక్క అబద్ధం లేదు. మీరు చేసినవే చెబుతాను. నా తగాదా కూడా అందులోనే ఉంది.

అల్బర్టాలోని బ్రూడర్‌హైమ్ నుంచి బ్రిటిష్ కొలంబియా తీరంలోని కిటిమాట్ దాకా 1,177 కిలోమీటర్లు జంట గొట్టాలు వేస్తానని ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ ముందుకొచ్చింది. ఒక గొట్టంలో రోజుకు 5,25,000 బ్యారెళ్ల ముడిచమురు పడమరకు వస్తుంది. ఆ చిక్కటి చమురును పలచన చేసే కండెన్సేట్ 1,93,000 బ్యారెళ్లు రెండో గొట్టంలో తూర్పుకు వెళ్తుంది. తీరం చేరిన చమురు పెద్ద ట్యాంకర్లకెక్కి, డగ్లస్ చానెల్ అనే ఇరుకు సముద్రపాయలో మలుపులు తిరుగుతూ పసిఫిక్‌లోకి, అక్కణ్ణుంచి ఆసియాకు పోవాలి. దారి పొడుగునా సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే నదులు, తీరమంతా ఆదివాసీ జాతుల ఊళ్లు.

ఈ పథకం మీద జనం ఏమంటారో వినడానికి మీరు ముగ్గురు బయల్దేరారు. 2012 జనవరి 10న హైస్లా ప్రజల ఊరు కిటమాట్ విలేజ్‌లో మొదలుపెట్టి, మరుసటేడు వేసవి దాకా 180 రోజులు విచారణ జరిపారు. మాట్లాడతామని నాలుగు వేల మందికి పైగా పేర్లిచ్చారు. వారిలో 1,179 మంది మీ ముందుకొచ్చి మాట్లాడారు. ఉత్తరాలు తొమ్మిది వేలు దాటాయి. సాక్ష్యం పెట్టడానికి, ప్రశ్నించడానికి హక్కున్న ఇంటర్వీనర్లు 206 మంది. అంతమంది మాటలూ మీరు ఓపికగా విన్నారు.

ఈ ఓపిక విలువ మాకు బాగా తెలుసు. మా దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ అంటే చాలాచోట్ల ఒక షామియానా, ఒక వేదిక, దాని మీద జిల్లా అధికారి, కాలుష్య నియంత్రణ మండలి అధికారి, చుట్టూ పోలీసు బందోబస్తు. ఒక్క పూటలో అయిపోతుంది. పైప్‌లైన్లకైతే అది కూడా అన్నిటికీ లేదు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం చమురు, గ్యాస్ గొట్టం జాతీయ పార్కు గుండానో, అభయారణ్యం గుండానో, పగడపు దిబ్బల మీదుగానో, అలాంటి మరో సున్నిత ప్రాంతం గుండానో పోతేనే పర్యావరణ అనుమతి కావాలి. పొలాల కింద నుంచి, ఇళ్ల పక్క నుంచి పోయే గొట్టానికి ఆ అనుమతి అక్కర్లేదు కనక సభ కూడా ఉండదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఊరున్న గడ్డ మీద నిలబడి చూస్తే, ఒక గొట్టం కోసం 180 రోజులు జనం మాట విన్న మీకు చేతులెత్తి మొక్కాల్సిందే. మొక్కుతున్నాను.

మీ వినయం ఇంకో గుణం. కాగితం మీద లేని చరిత్రను కోర్టులు సాక్ష్యంగా తీసుకోవాలని కెనడా సుప్రీంకోర్టు 1997లో డెల్గముక్వ్ కేసులో చెప్పింది. మీరు దాన్ని ఆచరణలో పెట్టారు. ఊరూరికీ వెళ్లి, పెద్దల నోటి నుంచి వచ్చిన సంప్రదాయ జ్ఞానాన్ని మౌఖిక సాక్ష్యంగా నమోదు చేశారు. ఏ చేప ఏ నెలలో ఏ వాగులోకి వస్తుందో, ఏ ఒడ్డున ఏ ఇంటిపేరువాళ్లు తరతరాలుగా ఆల్చిప్పలు ఏరుకుంటారో అంతా ఇప్పుడు మీ రికార్డులో ఉంది. అయితే ఆ పెద్దలు చెప్పుకుంటూ పోయి, అందుకే ఈ గొట్టం వద్దు అనగానే మీరు మర్యాదగా ఆపేవారు. తెలిసింది చెప్పండి, పైప్‌లైన్ మీద అభిప్రాయానికి ఇది సమయం కాదు, దానికి వేరే అంచె ఉంది అని గుర్తుచేసేవారు. నియమం మీది, నియమం ప్రకారమే చేశారు. కానీ ఆ మనిషికి తెలిసిన విషయమూ అతని అభిప్రాయమూ ఒకే జీవితంలోంచి పుట్టాయి. హెర్రింగ్ చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో తెలిసినవాడికే అక్కడికి ట్యాంకర్ ఎందుకు రాకూడదో తెలుస్తుంది. మీరు ఆ జ్ఞానాన్ని పుచ్చుకుని, దాని ముగింపును గుమ్మం బయట ఉంచారు.

హార్ట్లీ బేకు వెళ్లారు మీరు. అది గిట్గాట్ ప్రజల చిన్న ఊరు. 2006 మార్చి 22 అర్ధరాత్రి దాటాక క్వీన్ ఆఫ్ ది నార్త్ అనే ప్రయాణికుల ఓడ దగ్గర్లోని గిల్ దీవిని ఢీకొని మునిగిపోయింది. ఊరివాళ్లు పిలుపు వినగానే తమ చేపల పడవలు వేసుకుని చీకట్లో, వానలో వెళ్లారు. ఓడలో 101 మంది ఉంటే 99 మంది బతికి బయటపడ్డారు. ఆ ఓడ ఇప్పటికీ ఆ నీటి అడుగునే ఉంది. కిటిమాట్ నుంచి బయల్దేరే ట్యాంకర్లు పోవాల్సిన దారీ అదే. అన్ని నావిక పరికరాలూ ఉన్న ఓడ ఈ నీళ్లలో దారి తప్పితే ఏమవుతుందో కళ్లారా చూసినవాళ్లు మీకు చెప్పారు. ఇంతకన్నా మంచి సాక్షులు ఏ దేశంలో ఏ విచారణకూ దొరకరు. మీరు విన్నారు, రాసుకున్నారు.

బెల్లా బెల్లా అనే ఊరి దగ్గర మాత్రం పొగడ్త నా నోటికి రావడం లేదు. 2012 ఏప్రిల్ 1న మీ విమానం దిగేసరికి హైల్ట్సుక్ ప్రజలు పిల్లాపెద్దా అంతా డప్పులతో, పాటలతో, ప్లకార్డులతో మీకు ఎదురొచ్చారు. ఆ ఊరి బడిపిల్లలు పైప్‌లైన్‌కు వ్యతిరేకంగా 48 గంటలు ఉపవాసం ఉన్నారు. మీరు భద్రత పేరు చెప్పి తొలి రోజు విచారణ రద్దు చేశారు. నిరసన శాంతియుతంగానే జరిగిందని పోలీసులే అన్నారు. తర్వాత విచారణ మళ్లీ మొదలైంది గానీ పోయిన సమయం తిరిగి రాలేదు, మాట్లాడడానికి నెలల తరబడి సిద్ధమైనవాళ్లలో కొందరికి వంతే రాలేదు. 180 రోజుల ఓపిక ఉన్నవాళ్లు పిల్లల డప్పుల దగ్గర దాన్ని పోగొట్టుకోవడం నాకు మింగుడుపడని విషయం.

ఆ ఊరివాళ్లు ఏం చెప్పదలుచుకున్నారో కొంచెం చెప్పాలి. వసంతంలో హెర్రింగ్ చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డు దగ్గరికి వస్తాయి. హైల్ట్సుక్ జనం కెల్ప్ అనే సముద్రపు నాచు ఆకుల్ని నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు ఆ ఆకుల మీద రెండు పక్కలా గుడ్లు పెడతాయి. తెల్లగా మందంగా పేరుకున్నాక ఆకును పైకి తీస్తారు. చేపను చంపక్కర్లేదు, అది మళ్లీ సముద్రంలోకే పోతుంది, మరుసటేడు మళ్లీ వస్తుంది. ఇలా తీసిన గుడ్లను అమ్ముకునే హక్కు వాళ్లకు అనాదిగా ఉందని 1996లో గ్లాడ్‌స్టోన్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ నీళ్ల మీద చమురు తెట్టు కడితే ఆ ఏడు గుడ్లుండవు, తర్వాత ఎన్నేళ్లకు వస్తాయో ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఇదంతా లేనిపోని భయం అనుకునేవాళ్ల కోసం ఇంకో సంగతి. 2016 అక్టోబరు 13న నేథన్ ఈ. స్టీవర్ట్ అనే టగ్ బోటు బెల్లా బెల్లా దగ్గరే రాళ్లెక్కి లక్ష లీటర్లకు పైగా డీజిల్ నీళ్లలో కలిసింది. హైల్ట్సుక్ వాళ్లు ఆల్చిప్పలు ఏరుకునే ఒడ్డు మూతపడింది. పెద్ద ట్యాంకర్ కాదు, ముడిచమురు కాదు, ఒక చిన్న టగ్ తన సొంత ఇంధనంతో చేసిన పని అది.

మీ స్థిరచిత్తం గురించి కూడా చెప్పాలి. విచారణ మొదలవడానికి ముందు రోజు, 2012 జనవరి 9న, సహజ వనరుల మంత్రి జో ఆలివర్ బహిరంగ లేఖ రాసి, పర్యావరణ సంఘాలూ ఇతర అతివాద బృందాలూ ఈ ప్రక్రియను చేజిక్కించుకోవాలని చూస్తున్నాయని దేశానికంతటికీ చెప్పారు. ఆ జూన్‌లో చట్టమే మారింది. అంతకుముందు దేశ ఇంధన నియంత్రణ బోర్డు కాదంటే పైప్‌లైన్ అక్కడితో ఆగిపోయేది. కొత్త చట్టంతో ఆఖరి మాట మంత్రివర్గానిదైంది. మీరు సిఫారసు చేసేవాళ్లుగా మిగిలారు, 2013 ఆఖరికి తేల్చాలని మీకు గడువు కూడా పెట్టారు. విచారణ నడుమ అధికారం చేజారినా మీరు తొణకలేదు. వినడం కొనసాగించారు. మీ చేతిలోంచి నిర్ణయం పోయిందన్న సంగతి మీ ఎదురుగా కూర్చుని గొంతు పూడుకుపోతూ మాట్లాడుతున్నవాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో మీరు ఎప్పుడైనా బయటికి అంటే బాగుండేది.

2013 జనవరిలో వాంకూవర్‌లో హాలు తలుపులు మామూలు జనానికి మూసి, ఆ రోజు మాట్లాడేవాళ్లనే లోపలికి రానిచ్చారు. మిగతావాళ్లు ఊళ్లోనే ఇంకో హోటల్లో తెర మీద చూశారు. బహిరంగ విచారణ అంటే పక్కవాడి మాట వింటూ, నా మాటకు పక్కవాడి ముఖం ఎలా మారిందో చూస్తూ నేర్చుకునేది. పది నిమిషాలు మాట్లాడి పక్క తలుపులోంచి బయటికి పంపేస్తే ఆ వేయిమందీ వేయి ఒంటరి మనుషులు.

అయినా మీలో నిజంగా గొప్ప భాగం ఒకటుంది, ఏ సంకోచమూ లేకుండా మెచ్చుకుంటాను. మీరు అడ్డప్రశ్నలు వేయనిచ్చారు. 2010 జులైలో మిషిగన్‌లో ఎన్‌బ్రిడ్జ్ గొట్టం పగిలి కలమజూ నదిలోకి సుమారు ఇరవై వేల బ్యారెళ్లు పోయాయి. అలారాలు మోగుతున్నా పదిహేడు గంటలపాటు ఆపలేదు, మధ్యలో రెండుసార్లు మళ్లీ పంపు చేశారు. ఆ కంపెనీ నిపుణుల్ని ప్రమాణం చేయించి కూర్చోబెట్టి, బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వ న్యాయవాదులు, ఆదివాసీ జాతుల న్యాయవాదులు, చదువుకున్న మామూలు పౌరులు వాళ్లను ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. చమురు ఒలికితే ఎలా ఎత్తుతారన్నదానికి సరైన జవాబు రాలేదని తేలాకే, 2013 మే 31న ఆ రాష్ట్ర ప్రభుత్వం ఈ పథకానికి ఒప్పుకోలేమని మీకు రాతపూర్వకంగా చెప్పింది. జనం పాల్గొనడం అంటే ఇదీ. చెప్పుకోవడం ఒక్కటే కాదు, అడిగి జవాబు రాబట్టడం.

2013 డిసెంబర్ 19న మీ నివేదిక వచ్చింది. నిజాయితీ గల నివేదిక. కారిబూ దుప్పుల కొన్ని మందలకు, గ్రిజ్లీ ఎలుగుబంట్లకు ఈ పథకంతో గట్టి దెబ్బ తగులుతుందని మీరే రాశారు. పెద్ద ఎత్తున చమురు ఒలికితే నష్టం తీవ్రంగా ఉంటుందనీ దాచలేదు. అలాంటిది జరగడం అరుదనీ, జరిగినా ప్రకృతి కోలుకుంటుందనీ అన్నారు. అన్నీ తూచి, ఈ గొట్టం ఉంటేనే దేశానికి మేలని తేల్చి, 209 షరతులతో అనుమతి ఇవ్వమన్నారు. మీ ముందు నోరు విప్పిన 1,179 మందిలో ఇంచుమించు అందరూ వద్దన్నవాళ్లే.

తూకంలో ఏం వేశారో చూశాక నా స్తుతి ఆగిపోయింది. ఈ చమురు వచ్చే ఆయిల్ శాండ్స్ అనే చమురు ఇసుక గనుల తవ్వకం వల్ల భూమికీ గాలికీ జరిగే నష్టం ఈ విచారణ పరిధిలోకి రాదని మీరు ముందే గిరి గీశారు. ఆ చమురు ఆసియాలో కాలితే వచ్చే కాలుష్యం కూడా బయటే. ఆ తవ్వకం నుంచి వచ్చే ఆదాయం మాత్రం దేశానికి లాభంగా లెక్కలోకొచ్చింది. ఒకే గని, ఒకే చమురు. దాని డబ్బు లోపలికి, దాని పొగ బయటికి. 2014 జూన్‌లో మూడు వందలమంది శాస్త్రవేత్తలు ఈ తేడానే ఎత్తిచూపుతూ ప్రధానికి లేఖ రాశారు. పదినిమిషాల వంతు దొరికినవాళ్లలో ఎందరో మాట్లాడింది వాతావరణం గురించే. ఆ మాటలు విని, రాయించి, భద్రపరిచి, తూకంలో వేయకుండా పక్కన పెట్టారు.

ఇలా ఉండక్కర్లేదని మీ దేశమే ఒకసారి చూపించింది. 1974లో మెకెంజీ లోయ గ్యాస్ పైప్‌లైన్ విచారణకు నియమితుడైన న్యాయమూర్తి థామస్ బెర్జర్ ఉత్తరాదిన 35 ఊళ్లు తిరిగి వేయిమంది దాకా విన్నాడు. కంపెనీకి దీటుగా వాదించుకోవడానికి ఆదివాసీ సంఘాలకు, పర్యావరణ సంఘాలకు డబ్బు ఇప్పించాడు. విచారణ సంగతులు వాళ్ల సొంత భాషల్లో రేడియోలో ఊరూరా వినిపించాయి. 1977లో, ఉత్తర యూకాన్ గుండా గొట్టం వద్దే వద్దనీ, మెకెంజీ లోయలో పదేళ్లు ఆగి ముందు భూమి హక్కులు తేల్చమనీ నివేదిక ఇచ్చాడు. ఆ ఊళ్లలో విన్నదే ఆ నివేదికకు వెన్నెముక.

మీ తర్వాత వచ్చిన విచారణ మీ గుణాల్లో మంచిదాన్నే వదిలేసింది. 1953 నుంచీ ఎడ్మంటన్ నుంచి వాంకూవర్ పక్కనున్న బర్నబీకి చమురు తెస్తున్న ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్‌ను రోజుకు మూడు లక్షల బ్యారెళ్ల నుంచి 8,90,000కు పెంచుతామని కిండర్ మోర్గాన్ కంపెనీ దరఖాస్తు పెట్టింది. కొత్త చట్టం ప్రకారం, నేరుగా నష్టపోయేవాళ్లో విషయ నిపుణులో అని రుజువు చేసుకున్నవాళ్లకే చోటు. 2,118 మంది దరఖాస్తు చేసుకుంటే 468 మందికి అసలు కుదరదన్నారు, 1,250 మందిని ఒక ఉత్తరం రాసుకోమన్నారు, 400 మందినే ఇంటర్వీనర్లుగా చేర్చుకున్నారు. అడ్డప్రశ్నలు ఎత్తేశారు. ప్రశ్న కాగితం మీద, జవాబు కాగితం మీద. జవాబు సరిపోలేదని ఎందరు మొత్తుకున్నా చాలావాటికి మళ్లీ చెప్పించలేదు. బీసీ హైడ్రో సంస్థకు ఒకప్పుడు అధిపతిగా చేసిన మార్క్ ఎలీసెన్ 2014 నవంబరులో ఈ ప్రక్రియే బూటకమని ఉత్తరం రాసి తప్పుకున్నారు. 2016 మేలో బోర్డు 157 షరతులతో సరేనంది.

రెండు పైప్‌లైన్లనూ మొదట ఆపింది కోర్టు. 2016 జూన్ 23న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు గేట్‌వే అనుమతిని కొట్టేసింది. ఆ తప్పు మీ నెత్తిన వేయను. మీ నివేదిక అందాక ఆదివాసీ జాతులతో ప్రభుత్వం జరిపిన సంప్రదింపులు హడావిడిగా, అరకొరగా సాగాయని కోర్టు అన్నది. 2018 ఆగస్టు 30న అదే కోర్టు ట్రాన్స్ మౌంటెన్ అనుమతినీ కొట్టేసింది. ట్యాంకర్ల రాకపోకల్ని సమీక్ష పరిధిలోంచి తప్పించడం ఒక కారణం. రెండో కారణం మీకూ వర్తిస్తుంది. ఆదివాసీల దగ్గరికి వెళ్లిన ప్రభుత్వ ప్రతినిధులు వాళ్ల అభ్యంతరాలు విని, రాసుకుని, పైవాళ్లకు చేరవేయడమే తమ పని అనుకున్నారనీ, అది సంప్రదింపు అనిపించుకోదనీ, జవాబివ్వాలనీ, జవాబు కోసం అధికారం ఉన్నవాళ్లు రావాలనీ కోర్టు చెప్పింది.

గేట్‌వేను 2016 నవంబరు 29న కొత్త ప్రభుత్వం తోసిపుచ్చింది. అదే రోజు ట్రాన్స్ మౌంటెన్‌కు ఒప్పుకుంది. 2018లో దాన్ని 450 కోట్ల డాలర్లకు తనే కొనుక్కుంది. కోర్టు వెనక్కి పంపాక 2019 ఫిబ్రవరిలో బోర్డు మళ్లీ సమీక్షించి, ట్యాంకర్ల వల్ల ఆ తీరపు ఓర్కా తిమింగలాలకు తీవ్రమైన హాని జరుగుతుందని రాసి, అయినా వేయవచ్చని సిఫారసు చేసింది. 2024 మే 1 నుంచి అందులో చమురు పారుతోంది. విస్తరణ ఖర్చు 3,400 కోట్ల డాలర్లు చేరింది.

మండలివారికి నేను చెప్పదలుచుకున్నది అయిపోయింది. ఇక తెలుగు పాఠకులకు ఒక మనవి. మీ మండలంలో దేనికైనా ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, మైకులో రెండు మాటలు మాట్లాడి, పేపర్లో ఫోటో చూసుకుని ఊరుకోకండి. 2006 నోటిఫికేషన్ ప్రకారం సభలో ఎవరేమన్నారో చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి, పంచాయతీ ఆఫీసులో ఆ జాబితా పెట్టాలి, లేవనెత్తిన పర్యావరణ అభ్యంతరాలకు కంపెనీ తన తుది నివేదికలో జవాబు రాయాలి. మీ అభ్యంతరం ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. తర్వాత ఆ తుది నివేదిక తెప్పించుకుని, మీ మాటకు జవాబు ఏ పేజీలో ఉందో అడగండి. లేకపోతే అనుమతి ఇచ్చేలోపే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.